ఆకు రాలే దాకా

పోయిన నెల ముళబాగిలు నుంచి కోలారు పక్క తమకలోని మా ఇంటికి వస్తుంటే దారిలో బస్సు టైరు పంక్చరైంది. అరగంట పడుతుందని కండక్టరు అన్నాడంటే గంట పడుతుందని అర్థం. దిగి నీడ వెతుక్కుంటూ నాలుగడుగులు వేశాను. రోడ్డు పక్కన ఒక రేకుల కొట్టం, దాని ముందు పాత రాతి కూసాలు అడ్డదిడ్డంగా పేర్చి ఉన్నాయి. ద్రాక్షతోటలు ఎత్తేసినవాళ్ళు పందిరికి ఆధారంగా పాతిన కూసాలను పీకి ఇలా అమ్మేస్తుంటారు. కొన్నవాళ్ళు కంచెకో, పశువుల పాకకో పాతుకుంటారు. మా జిల్లాలో ఇదేం వింత కాదు. నేనూ వింతగా చూడలేదు, కూర్చోవడానికి చదునైన రాయి ఏదైనా ఉందా అని మాత్రం చూశాను.

కూర్చోబోయిన రాయి మీద వెలిసిపోయిన ఎర్ర రంగుతో 'ఒపోర్టో' అని తెలుగులో రాసి ఉంది. అక్షరాల కింద రెండు గీతలు.

ఆ రెండు గీతలు నావి. రాబర్ట్‌సన్‌పేట బళ్ళో ముప్పయ్యేళ్ళు జాగ్రఫీ చెప్పాను. బోర్డు మీద ఏ ఊరి పేరు రాసినా కింద రెండు గీతలు గీయడం నా అలవాటు. పిల్లలు నా వెనకాల 'రెండు గీతల టీచరు' అనుకునేవాళ్ళు, నాకు తెలియదనుకునేవాళ్ళు. రాయి మీద రాసింది మాత్రం నేను కాదు. నేను అట్టముక్క మీద రాసిచ్చిన దాన్ని, రాయడం రాని ఒక మనిషి గీతలతో సహా చూసి దించాడు. ఆయన పోయి చాలా ఏళ్ళైంది. ఆయన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మరిచిపోయి కాదు, సిగ్గుపడి.

కోలారు బంగారు గనిలో ఆయనది తింబరు పని. భూమి లోపల తవ్విన చోట పైరాయి కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది. వాళ్ళ నాయన చిత్తూరు పక్క ఒక పల్లె నుంచి వచ్చి, గనుల దొరల క్లబ్బులో గ్లాసులు, సీసాలు కడిగే పనికి కుదిరాడు. ఖాళీ అయిన వైను సీసాలను తొట్లో నానబెట్టి, లేబుళ్ళు చిరగకుండా ఊడదీసి, నీడలో ఆరబెట్టి, పాత రిజిస్టరులో మైదా జిగురుతో అంటించేవాడట. ఎందుకంటే ఎందుకని చెప్తాం, బొమ్మలు బాగున్నాయి కాబట్టి. గనులు సర్కారు చేతికి వచ్చాక దొరలు ఒక్కొక్కరే సామాను సర్దుకుని ఓడెక్కారు. సీసాలు రావడం ఆగిపోయింది. కొన్నాళ్ళకు నాయనా పోయాడు. కొడుక్కి మిగిలిన ఆస్తి ఆ రిజిస్టరు.

దాన్ని చంకలో పెట్టుకుని ఒక శనివారం, ఒంటిపూట బడి విడిచిపెట్టాక, ఆయన నా తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. నాకు ఉద్యోగం వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. ఆయన పొద్దుటి షిఫ్టు దిగి, స్నానం చేసి, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. లోపలికి రాకుండా మొదట గుమ్మం రాయిని వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి వంచి విన్నాడు.

"టీచరమ్మా, మీ కాడ లోకం పటం ఉండాదంట గదా. ఈ ఊర్లు యాడుండాయో చూపిస్తారా?"

రిజిస్టరు తెరిచి చూస్తే అన్నీ సారా లేబుళ్ళే. నేను ఒకడుగు వెనక్కి వేశాను. తాగినవాడేమోనని వాసన కూడా చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఆయన జన్మలో చుక్క ముట్టలేదని తర్వాత తెలిసింది. అయినా గని కూలీలుండే లైన్లలో అందరూ ఆయన్ని 'సీసాలాయప్ప' అనే పిలిచేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

"తాగనోడివి, ఈ ఊర్లతో నీకేం పని అన్నా?" అని అడిగాను.

"మా నాయన బతుకంతా వీటిని కడిగినాడమ్మా. యాడ్నించి వచ్చినాయో ఆయనకు తెల్దు. నాకైనా తెలిస్తే సాలు."

అలా మొదలైంది. నెలకు రెండు శనివారాలు, కొన్నిసార్లు మూడు. ఒక్కో శనివారానికి ఒక్కో లేబులు. ఆయన పేజీ తిప్పేవాడు, నేను పేరు చదివి పటంలో వెతికేదాన్ని. బోర్డో దొరికింది. షాంపేన్ దొరికింది. హెరెజ్ కోసం స్పెయిను దక్షిణాన భూతద్దం పెట్టి వెతకాల్సి వచ్చింది. రైన్ నది ఒడ్డు, మదీరా దీవి, ఆఫ్రికా కింది కొసన కేప్, దక్షిణ ఆస్ట్రేలియా. కోలారు జిల్లా దాటి ఉద్యోగం చేయని నేను, భూమి కింద ఉద్యోగం చేసే ఆయన, చాక్‌పొడి రాలుతున్న గదిలో నిలబడి ప్రపంచంలోని ద్రాక్షసీమలన్నీ తిరిగాం. బడి లైబ్రరీలో దొరలు వదిలిపోయిన లావుపాటి జాగ్రఫీ పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని చదివి ఆయనకు తెలుగులో చెప్పేదాన్ని. చెప్పడంలో నాకు ఎంత గర్వమో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆయన వినే పద్ధతి వేరు. ఊరు అందంగా ఉంటుందా అని ఎప్పుడూ అడగలేదు. నేల ఏం నేల, రాయి ఏం రాయి, నీళ్ళు ఎంత లోతులో ఉంటాయి, ఇవే ప్రశ్నలు. ఒపోర్టో వెనకాల నది వెంబడి కొండలన్నీ రాయేనని, ఆ రాతిని గడ్డపారలతో పగలగొట్టి, మెట్లు మెట్లుగా కట్టి ద్రాక్ష నాటారని చదివి చెప్పినప్పుడు ఆయన బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు.

"రాయి పగలగొట్టి నాటినారా?"

"అవునన్నా."

"అట్లయితే మనోళ్ళే," అన్నాడు. ఆ రోజు ఇంకో పేజీ తిప్పలేదు.

షాంపేన్ సీసాలను సుద్దరాతి సొరంగాల్లో ఏళ్ళ తరబడి దాస్తారంటే, "సీసాలకు కూడా అండర్‌గ్రౌండు డ్యూటీనా? షిఫ్టు ఎంతసేపు?" అని అడిగాడు. మూడు నాలుగేళ్ళు అన్నాను. "అయ్యో పాపం" అన్నాడు, నవ్వకుండా.

తట్టడం ఆయన చేతికి పట్టిన పని అలవాటు. లోపల ఏ పైకప్పు కిందికి వెళ్ళాలన్నా ముందు ఇనప కడ్డీతో తట్టి సప్పుడు వినాలట. గట్టి సప్పుడైతే మంచిది, బోలు సప్పుడైతే పరిగెత్తాలి. పైకి వచ్చాక కూడా చేయి ఊరుకునేది కాదు. గుమ్మం, గోడ, కుండ, పుచ్చకాయ, మా హెడ్మాస్టరు గారి టేబులు, అన్నీ తట్టేవాడు. మా తరగతి తూర్పు గోడ బోలు అని మొదటి రోజే చెప్పాడు. రెండేళ్ళకు వానాకాలంలో అది కూలింది. అదృష్టం, ఆదివారం కూలింది.

ఆయన ఊతపదం ఒకటుండేది: "గంట కొట్టనీ." మనుషుల్ని గనిలోకి దించే ఇనప పంజరాన్ని కేజు అంటారు. గంట కొట్టందే అది కదలదు, గంట కొట్టందే మనిషీ కదలకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన పక్కనున్న కుర్రాడు గంటకు ముందే కాలు బయట పెట్టాడట. ఆ తర్వాత ఏమైందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అక్కడిదాకా వచ్చి తన అరచేతులు చూసుకునేవాడు. ఇక దేనికైనా ఆయన జవాబు అదే. వాన వచ్చేట్టుంది, వెళ్ళన్నా అంటే, గంట కొట్టనీ. టీ చల్లారిపోతోంది తాగన్నా అంటే, గంట కొట్టనీ. పొగలు ఆగాక గాని గ్లాసు ముట్టేవాడు కాదు.

ఒక శనివారం ఆయన లేబుళ్ళ పుస్తకం తేలేదు.

"టీచరమ్మా, నా పెండ్లాం ఊర్లో ఆమె వాటాకు ఎకరా నేల ఉండాది, ముళబాగిలు దావలో. గని పని అయిపోయినాక దాండ్లో ద్రాక్ష పెడదామనుకుంటాండా. ఈ ఊర్లోళ్ళంతా ఎట్ల చేస్తారో చెప్పండి."

పిల్లలు లేరు వాళ్ళకు. తాగడు, సినిమాలు చూడడు. ఆయనకు కావలసిందల్లా ఒకటే: చీకట్లో దుంగలు నిలబెట్టిన చేతులతో వెలుతుర్లో పందిరి వేసి, దాని నుంచి ఒక్క కాపు తన చేత్తో కోయడం. ఆ మాట ఆయనే అన్నాడు: "ఒక్క కాపు సాలమ్మా. మా నాయన కడిగిన సీసాల్లో ఉండేది యాడ కాస్తాదో నా కండ్లతో చూడాల."

నేను పటం ముందు నిలబడి కర్రతో చూపించాను. భూమధ్యరేఖకు పైన ముప్పై నుంచి యాభై డిగ్రీల దాకా ఒక పట్టీ, కింద కూడా అలాంటిదే ఒకటి. లోకంలోని ద్రాక్షసీమలన్నీ ఈ రెండు పట్టీల్లోనే ఉన్నాయన్నాను.

"మనం యాడ?"

కర్రను కోలారు మీద పెట్టాను. రెండు పట్టీలకూ బయట.

ఆయన కాసేపు చూశాడు. "గీత గీసినోళ్ళు సుమ్నె, ఊరికే గీసినారు. తీగకు తెలుసునా?" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కత్తిరింపు ఎప్పుడు చేస్తారని అడిగాడు. నేను పుస్తకం చూసుకోకుండానే, తరగతిలో చెప్పినట్టు గట్టిగా చెప్పాను: "చలికాలం రాగానే ద్రాక్ష ఆకు రాలుస్తుంది. ఆకంతా రాలినాక, తీగ నిద్రలో ఉన్నప్పుడు కత్తిరించాలి. అంతకు ముందు కత్తెర ముట్టకూడదు. లోకమంతా అదే పద్ధతి."

ఆయన తలూపాడు. ఆకు రాలడం అంటే గంట కొట్టడం అని ఆయన మనసులో రాసుకున్నాడని నాకు తెలియలేదు. ముళబాగిలు దారిలో అప్పటికే నీలం ద్రాక్ష తోటలున్నాయి. బస్సులో వస్తూ పోతూ చూసేదాన్ని. ఒక్కసారైనా దిగి, మీరు ఎప్పుడు కత్తిరిస్తారని ఎవరినీ అడగలేదు. పుస్తకంలో ఉంటే చాలనుకునే రకం నేను.

గని పని ఆయన అనుకున్నదానికంటే ముందే అయిపోయింది. రాతి దుమ్ము ఊపిరిలో చేరింది. మెట్లెక్కితే ఆయాసం, మాట్లాడితే దగ్గు. డాక్టర్లు ఫోటో తీసి, ఇక కిందికి దిగకూడదన్నారు. చెప్పడానికి వచ్చిన రోజు తన రొమ్మును తనే తట్టి చూపించాడు.

"బోలు లేదమ్మా. అంతా గట్టి రాయి సప్పుడే. మంచిదే గదా," అని నవ్వబోయి దగ్గాడు. ఎన్నాళ్ళు టైమిచ్చారని నేను అడగలేదు. తనే చెప్పాడు: "నాలుగైదేండ్లు లాగచ్చునంట. తీగ మూడో ఏడు కాస్తాది గదా. టైము ఉండాది."

భార్య ఊరికి వెళ్ళేముందు ఊర్ల పేర్లు అట్టల మీద పెద్దక్షరాలతో రాసిమ్మన్నాడు. పందిరిలో ఒక్కో వరసకు ఒక్కో పేరు పెడతాడట. గనిలో ప్రతి లెవెలుకు ఒక గుర్తు ఉంటుంది, లేకపోతే మనిషి దారి తప్పుతాడు, తోటలో కూడా అంతేనన్నాడు. ఎనిమిది అట్టలు రాసిచ్చాను, ఒక్కోదాని కింద రెండు గీతలతో.

తర్వాత ఆయన కబుర్లు అప్పుడప్పుడు వచ్చేవి. ముళబాగిలు నుంచి వచ్చే ఎవరో ఒకరు బడి గేటు దగ్గర చెప్పి వెళ్ళేవాళ్ళు. కూసాలు నిలబెట్టాడు. ఒక్కోదాన్ని తట్టి, బోలు సప్పుడు వచ్చినవి రెండు వెనక్కి పంపాడు. పక్క తోట నుంచి నీలం ద్రాక్ష కొమ్మలు తెచ్చి నాటాడు. ఒకసారి తనే వచ్చాడు, మోచేతుల దాకా నీలం మరకలతో.

"టీచరమ్మా, ముళబాగిల్లో ఎరువుల అంగడికి పోయినాను. తీగకు బూజు పట్టినాదంటే ఏమిచ్చినాడో తెల్సునా? బోర్డో మందు. మైలుతుత్తం, సున్నం కలిపేది. బోర్డో అంటే ఏందప్పా అని అడిగినా. అదేదో దేశంలో ఊరు, ఆడ కనిపెట్టినారంట." ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "మీరు చెప్పిన ఊర్లన్నీ నిజమే."

అప్పటిదాకా నమ్మలేదా అన్నా అని ఆటపట్టించాను. ఇప్పుడనిపిస్తుంది, ఆ బోర్డో మందు ఆ అంగట్లో దొరక్కపోతే ఆయన నన్ను అంతగా నమ్మి ఉండేవాడు కాదేమో.

మూడో ఏడు చలికాలంలో ఒక సెలవు రోజు తోట చూడ్డానికి వెళ్ళాను. కాపు ఎలా ఉందో చూద్దామని, నిజం చెప్పాలంటే కాస్త పొగిడించుకుందామని. మెయిన్‌రోడ్డు నుంచి నడుస్తుంటే దారి పక్క తోటలన్నీ కత్తిరించి ఉన్నాయి. కొత్త చివుళ్ళు దాటి చిన్న గుత్తులు కూడా వేలాడుతున్నాయి. ఆయన తోట మాత్రం చిక్కటి పచ్చ పందిరి. ఆకు మీద ఆకు, కింద వెలుతురు కూడా పడటం లేదు. ఆ చీకట్లో గని నాటి పాత హెల్మెట్ పెట్టుకుని, ముక్కాలిపీట మీద ఆయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో నూనె గుడ్డలో చుట్టిన కత్తెర. మనిషి సగమయ్యాడు.

"ఇంగా రాల్లేదు టీచరమ్మా," అన్నాడు నన్ను చూసి. పలకరింపు అదే.

"ఏంటన్నా రాలనిది?"

"ఆకు. పోయిన చలికాలం చూసినాను, రాల్లేదు. లేత తీగ గదా, అందుకేమో అనుకున్నా. ఈ ఏడు ముదిరినాది, ఇంగ రాలాల. తెల్లారి లేచి కింద చూస్తా. నాలుగైదు పడుంటాయి, అవి పురుగు తిన్నవి. అవి లెక్కలోకి రావు." ఒక్కో మాటకూ ఊపిరి పీల్చుకుంటున్నాడు. "చలి గట్టిగా పడితే రాలతాది గదా?"

జవాబు చెప్పేలోపు కంచె అవతల నుంచి పక్క తోట పెద్దాయన పిలిచాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, మర్యాదగానే అడిగాడు.

"మీరేనా అమ్మా ఆ టీచరమ్మ? కొంచెం మీరైనా చెప్పండి ఈయప్పకు. ఈడ ఆకు రాలదు. మన ఎండకు దానికి నిద్ర యాడిది? మనమే ఆకు దూసేసి కత్తిరించాల, ఏటికి రెండుసార్లు. రెండేండ్లుగా చెప్తాండా. ఇనడు."

ఇంట్లోకి మజ్జిగ తాగడానికి వెళ్ళినప్పుడు ఆయన భార్య గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. ఆమె మాటలో నిష్ఠూరం లేదు, అదే నాకు ఎక్కువ కష్టమైంది.

"పక్కాయప్ప చెప్పినప్పుడంతా ఈయన ఏమంటాడో తెల్సునా టీచరమ్మా? 'నువ్వు చూసినది ఈ ఎకరా ఒకటే. టీచరమ్మ లోకమంతా చూసి చెప్పినాది' అంటాడు."

అప్పటికి నేను చూసిన లోకం ఇది: తూర్పున మద్రాసు, పడమర మైసూరు, మధ్యలో బెంగుళూరు బస్టాండు. మజ్జిగ గ్లాసు అక్కడే పెట్టేశాను. నాలుగైదేళ్ళకు మించి ఆయుస్సు లేని మనిషి దగ్గర రెండేళ్ళు నేను తీసేసుకున్నాను, నోటిమాటగా, చేతిలో కర్ర పట్టుకుని.

బయటికి వచ్చి ఆయన ముందు నిలబడ్డాను. నేను తప్పు చెప్పానన్నా అనాలి. ఆ మూడు మాటలు రాలేదు. పటం ముందు ముప్పై ఆరు మంది పిల్లలకు రోజూ గట్టిగా చెప్పే నోరు అది.

"రాలకపోతే మనమే రాలుద్దామన్నా," అన్నాను.

ఆయన నా వైపు అనుమానంగా చూశాడు. "అట్ల చేయచ్చునా? గంట కొట్టకుండా?"

"కొట్టింది," అన్నాను. "నీకు వినబడలేదు. నేను విన్నాను."

ఎంత తేలిగ్గా అబద్ధం చెప్పానో. ఆయన వెంటనే లేచాడు. నేను, ఆయన, ఆయన భార్య, కంచె దాటి వచ్చిన పెద్దాయన, నలుగురం సాయంత్రం దాకా చేతులతో ఆకు దూశాం. పచ్చటి, నిండు ఆకు. బోర్డో వరస, రైన్ వరస, కేప్ వరస. కింద మోకాళ్ళ దాకా ఆకు పడింది. ఒపోర్టో వరస దగ్గర ఆయనకు దగ్గు ఆగలేదు. పీట మీద కూర్చోబెట్టాం. పెద్దాయన చిగురు పుట్టే ఏ కన్ను పైన కత్తిరించాలో చూపించాడు, ఈయన కూర్చునే చేయి పైకెత్తి కత్తిరించాడు. ఒక్కో కోతకు ముందు కొమ్మను వేలి కణుపుతో తట్టాడు. ఏం వినిపించిందో.

తీగ చిగిర్చింది, పూసింది, పిందె వేసింది. ఆలస్యమైనా గుత్తులు బాగానే దిగాయని కబురొచ్చింది. ఆ వెనకే ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారని ఇంకో కబురొచ్చింది.

ఎండాకాలం. వార్డులో పై ఫ్యాను తిరుగుతున్నా వేడి పోవడం లేదు. ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. భార్య తోట నుంచి ఒక గుత్తి కోసి తెచ్చి దిండు పక్కన పెట్టింది. ఇంకా పచ్చిది. కాయలు పచ్చగా, గట్టిగా ఉన్నాయి, నీలం తిరగడానికి నెల పైన పడుతుంది. ఆయన ఒక కాయను గోటితో తట్టాడు.

"ఇంగా టైముండాది," అన్నాడు. కాయకా, తనకా, నేను అడగలేదు.

ఆమె నీళ్ళు తేవడానికి వెళ్ళింది. నేను మంచం పక్క స్టూలు మీద కూర్చుని, ఎట్టకేలకు చెప్పాను. పుస్తకం చూసి చెప్పానని, అది చలి దేశాల మాటని, మన ఊరికి అది వర్తించదని, మన ఊళ్ళో ఎవరినీ అడగలేదని. ఆ రోజు గంట వినలేదని కూడా చెప్పాను. "నేను తప్పు చెప్పినాను అన్నా. రెండు కాపులు నా వల్ల పోయినాయి."

ఆయన చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. మాట్లాడొద్దన్నా వినలేదు.

"మీరు చెప్పింది తప్పు కాదు టీచరమ్మా," అన్నాడు. "మనకు చలి చాల్లేదు. అంతే."

ఇంకోసారి చెప్పబోయాను. నీలం మరక పోని చేత్తో వద్దన్నట్టు సైగ చేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. నిష్ఠూరంగా ఒక్క చూపు చూసినా బాగుండేది. నేను ఒప్పుకోవడానికి తెచ్చిన తప్పును ఆయన తీసుకోలేదు. దాన్ని పట్టుకుని ఆ స్టూలు మీద అలాగే కూర్చున్నాను. కాసేపటికి, చూడ్డానికి వచ్చినవాళ్ళు వెళ్ళాలని వరండాలో గంట కొట్టారు. ఆయన కళ్ళు మూసుకునే, "కొట్టినారు. పోండి," అన్నాడు.

కాయ నీలం తిరగకముందే పోయాడు.

నెల తర్వాత ఆయన భార్య ఒక బుట్ట పండ్లు ఎవరితోనో బడికి పంపింది. స్టాఫురూములో అందరూ తిన్నారు. నేనూ ఒక గుత్తి తిన్నాను. తియ్యగానే ఉన్నాయి, చివర్లో కాస్త పులుపు. అంతకు మించి ఏం చెప్పడానికీ నాకు అర్హత లేదు. తర్వాత కొన్నేళ్ళు ఆమె ఆ తోటను లాక్కొచ్చింది. బోరు అడుగంటింది, ఇంకో బోరులో నీళ్ళు పడలేదు. బతుకంతా గనిలో ఊరే నీళ్ళను పైకి తోడి పారబోయడం చూసిన మనిషి తోట ఇటు నీళ్ళు లేక ఎండింది. పాఠాల్లో ద్రాక్ష గురించి వచ్చినప్పుడు నేను పిల్లలకు చెప్పడం మార్చాను. "పుస్తకంలో ఇట్ల ఉంది, మన ఊళ్ళో అడిగి రండి" అనేదాన్ని. అది ఎవరికి లాభమో తెలియదు.

రోడ్డు పక్క ఆ రాళ్ళ మధ్య ఇవన్నీ తలుచుకుంటూ నిలబడితే, కొట్టంలోంచి అమ్మే మనిషి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, భుజాన తువ్వాలు.

"కూసాలు కావాల్నా అమ్మా? పాతవే గానీ గట్టివి. తట్టి చూడండి."

నేను తట్టలేదు. ఒపోర్టో కింద ఇంకో రాయి మీద సగం 'మదీరా' కనబడుతోంది, దాని కింద రెండు గీతలు.

"ఈ పేర్లేందో మాకూ తెల్దమ్మా," అన్నాడు నేను చూస్తున్నది చూసి. "దేవుళ్ళ పేర్లేమోనని కాలు పెట్టకుండా తిరగతాండాం."

"ఊర్ల పేర్లప్పా. చాలా దూరం ఊర్లు. ద్రాక్ష పండే ఊర్లు."

"మీకెట్ల తెల్సు?"

"నేనే రాసిచ్చినాను. ఒకాయన చూసి దించినాడు."

ఆయన ముఖంలో గౌరవం లాంటిది కనబడింది. తువ్వాలతో రాయి మీద దుమ్ము తుడిచి, పేరు మొత్తం కనిపించేలా చేశాడు. "అబ్బా. ఈ ఊర్లన్నీ చూసినారా అమ్మా మీరు?"

"లేదప్పా. ఒక్కటీ చూడలేదు."

ఆయన రాయి వైపు, నా వైపు చూశాడు. ఎత్తిపొడుపు ఏమీ లేదు ఆ గొంతులో, తెలుసుకుందామనే అడిగాడు.

"చూడకుండానే రాసిచ్చినారా?"

వెనక నుంచి డ్రైవరు హారను కొట్టాడు. టైరు మార్చేశారు. నేను వెళ్ళి బస్సెక్కాను.